పాత ప్లగ్గు చెప్పే కబుర్లు

తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. ఇంజిన్ మాత్రం ఓ పట్టాన అందుకోదు. మూడోసారికి ఎలాగో అందుకున్నా, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా సీటు సన్నగా వణుకుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇదివరకటి ఊపు రాదు. మొన్ననే కొట్టించిన పెట్రోలు అప్పుడే సగానికి దిగిపోతుంది. 'బ్యాటరీ పోయుంటుంది' అని ఒకరు, 'పెట్రోల్లో కల్తీ' అని మరొకరు, 'బండి పాతబడింది, అమ్మేయండి' అని ఇంకొకరు... తలా ఒక మాట. కొత్త బ్యాటరీ కొనేముందు, బండి బేరం పెట్టేముందు చూడాల్సింది ఒకటుంది. వేలెడంత ఉండే స్పార్క్ ప్లగ్గు!

కారులో చౌకగా దొరికే విడిభాగాల్లో ఇదొకటి. అందుకేనేమో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కొందరు ఏళ్ల తరబడి మార్చరు. ఇంకొందరు సర్వీసింగులో మార్పించినా, తీసిన పాత ప్లగ్గుల వంక కన్నెత్తి చూడరు. మొదటి తప్పుకి వేలకు వేలు వదులుతాయి. రెండో తప్పు వల్ల ఇంజిన్ లోపలి కబురు చేతికందినట్టే అంది చెత్తబుట్ట పాలవుతుంది.

ఒక్క నిప్పురవ్వ కోసం...

పెట్రోలు ఇంజిన్ సిలిండర్‌లో గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమం ఉంటుంది. పిస్టన్ పైకొచ్చి దాన్ని గట్టిగా నొక్కుతుంది. సరిగ్గా ఆ సమయంలో దానికి నిప్పు అంటించాలి. ఆ పని ప్లగ్గుది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ఇగ్నిషన్ కాయిల్ దాన్ని ఇరవై, ముప్ఫై వేల వోల్టుల దాకా పెంచి ప్లగ్గుకి పంపుతుంది. ప్లగ్గు మధ్యలో ఉండే కడ్డీకి, పక్కనుంచి వంగి వచ్చే కొక్కానికి నడుమ సన్నని సందు ఉంటుంది. చాలా కార్లలో అది 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్లు. అంత కరెంటు ఆ సందులోంచి దూకుతుంది. అదే స్పార్క్.

ఒక్కో ప్లగ్గు ఎన్నిసార్లు వెలగాలో లెక్కేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో రెండు చుట్లకు ఒకసారి స్పార్క్ రావాలి. ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే వెయ్యి స్పార్కులు. గంటకు సగటున 40 కిలోమీటర్ల వేగంతో 10,000 కిలోమీటర్లు తిరగడానికి 250 గంటలు పడుతుంది. అంటే ఆ ప్లగ్గు కోటిన్నర సార్లు వెలగాలి! అదీ రెండు వేల డిగ్రీలు దాటే మంటల మధ్య నిలబడి.

మూడు సిలిండర్లుంటే మూడు ప్లగ్గులు, నాలుగుంటే నాలుగు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800కి మూడే. కానీ సిలిండర్‌కు రెండేసి ఉన్నవీ లేకపోలేదు. 2003లో వచ్చిన హోండా సిటీలో నాలుగు సిలిండర్లకు ఎనిమిది ప్లగ్గులు. అదే ఏడాది బజాజ్ పల్సర్ మీద కనిపించిన 'డీటీఎస్ఐ' అన్న అక్షరాల అర్థం కూడా ఇదే. ఒకే సిలిండర్‌లో జంట ప్లగ్గులన్నమాట.

అరిగితే ఏమవుతుంది?

కొత్త ప్లగ్గు కడ్డీ అంచులు పదునుగా ఉంటాయి. కరెంటు పదునైన అంచు నుంచి తేలిగ్గా దూకుతుంది. స్పార్క్ వచ్చిన ప్రతిసారీ కడ్డీ నుంచి కంటికి కనిపించనంత లోహం రాలిపోతుంది. అలా అరిగి అరిగి అంచులు గుండ్రబడతాయి, సందు పెరుగుతుంది. సందు పెరిగితే దాన్ని దాటడానికి మరిన్ని వోల్టులు కావాలి. పాపం కాయిల్ శక్తికి మించి శ్రమపడుతుంది. చివరికి ఏదో ఒక క్షణంలో స్పార్క్ రానే రాదు. దాన్నే మన మెకానిక్‌లు 'మిస్సింగ్' అంటారు.

ఈ మార్పు ఒక్క రోజులో రాదు. వేల కిలోమీటర్ల మీద కొద్దికొద్దిగా వస్తుంది. రోజూ నడిపేవారు ఆ తేడాకి తెలియకుండానే అలవాటుపడిపోతారు. ఎప్పుడో ఊరినుంచి వచ్చిన బావమరిది స్టీరింగ్ పట్టుకుని 'ఏంటి బావా, బండి ఇలా గుంజుతోంది?' అంటేగానీ తెలిసిరాదు. అందుకే ఈ లక్షణాలు కనిపిస్తున్నాయేమో ఎవరికి వారే గమనించుకోవాలి.

• పొద్దున్నే మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు సెల్ఫ్ ఎక్కువసేపు తిరగడం.
• బండి నిలిపి ఉంచినప్పుడు ఇంజిన్ చప్పుడు ఒకే లయలో కాకుండా మధ్యమధ్యలో తడబడటం, వణుకు.
• ఎత్తు ఎక్కేటప్పుడు, ఏసీ వేసినప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు పికప్ తగ్గడం, కుదుపు.
• సైలెన్సర్ దగ్గర కాలని పెట్రోలు వాసన.
• తిరిగే దారి, నడిపే తీరు మారకపోయినా మైలేజీ పడిపోవడం.
• డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు దీపం వెలగడం.

ఇవన్నీ ప్లగ్గు వల్లే అని మాత్రం తీర్మానించకూడదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, కాయిల్ చెడినా, బానెట్ కింద దూరిన ఎలుక వైర్లు కొరికినా ఇలాంటి ఇబ్బందులే వస్తాయి. తేడా పట్టుకోవడానికి మంచి మెకానిక్ ఒక చిట్కా వాడతాడు. ఇటీవలి కార్లలో ప్రతి ప్లగ్గు మీదా విడిగా ఒక కాయిల్ ఉంటుంది. స్కానర్ పెడితే ఏ సిలిండర్‌లో మిస్సింగ్ ఉందో చెబుతుంది. 'పి0301' అని వస్తే ఒకటో సిలిండర్, 'పి0302' అని వస్తే రెండోది. ఒకటో సిలిండర్ కాయిల్‌ని రెండోదానికి, రెండోదాన్ని ఒకటోదానికి మార్చి మళ్లీ నడిపి చూస్తాడు. తప్పు కూడా రెండో సిలిండర్‌కు మారితే కాయిల్ దోషం. అక్కడే ఉంటే ప్లగ్గునో, ఇంకోదాన్నో అనుమానించాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ఇది చేయకుండానే 'నాలుగు కాయిల్స్ మార్చేద్దాం సార్' అంటే కాస్త ఆగమనాలి.

వందలు మిగిల్చి వేలు పోగొట్టుకోవడం

'బండి నడుస్తోందిగా, వచ్చే నెల చూద్దాంలే' అనుకునేవారే ఎక్కువ. పాతకాలం కార్లకైతే అలా చెల్లిపోయేది. కాస్త పెట్రోలు ఎక్కువ తాగేది, అంతే. ఇప్పటి కార్లలో సైలెన్సర్ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. సీసం ఉంటే ఇది పాడవుతుంది. 2000 సంవత్సరంలో దేశమంతటా సీసం లేని పెట్రోలు అందుబాటులోకి వచ్చాక అన్ని ఊళ్ల బళ్లకూ దారి తెరుచుకుంది.

తేనెపట్టులా సన్నని గదులుండే పింగాణీ దిమ్మ అది. దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. పొగలోని విషవాయువుల్ని విరిచేది ఆ పూతే. ప్లగ్గు వెలగకపోతే సిలిండర్‌లోని పెట్రోలు కాలకుండానే బయటికొచ్చి నేరుగా ఈ దిమ్మలోకి చేరుతుంది. అప్పటికే సలసల కాగుతున్న కన్వర్టర్‌లో అక్కడికక్కడే అంటుకుంటుంది. ఆ వేడికి తేనెపట్టు కరిగి ముద్దవుతుంది. పొగ వెళ్లే దారి మూసుకుపోతుంది. అప్పుడు ప్లగ్గులు మార్చినా బండికి ఊపు రాదు.

సాదా ప్లగ్గు ఒక్కోటి వంద, రెండొందల రూపాయల్లో వస్తుంది. కన్వర్టర్ మార్చాలంటే పదుల వేలు కావాలి. అందుకే ఇంజిన్ దీపం నిలకడగా వెలిగితే తొందర్లో షెడ్డుకు వెళ్లాలి. అదే దీపం టపటపా ఆరుతూ వెలుగుతుంటే మాత్రం వేగం తగ్గించి, వీలైనంత త్వరగా పక్కకు ఆపేయాలి. కన్వర్టర్‌కి నష్టం జరిగే స్థాయిలో మిస్సింగ్ ఉందని అది చేస్తున్న హెచ్చరిక.

రంగు చూస్తే గుట్టు తెలుస్తుంది

డాక్టరు ముందుగా నాలుక చాపమంటాడు. ఇంజిన్‌కు ప్లగ్గు అలాంటిది. సిలిండర్ లోపల జరిగేదంతా దాని కొసమీద అచ్చుపడి ఉంటుంది. ప్లగ్గులు తీసినప్పుడు ఏది ఏ సిలిండర్‌దో వరసగా పెట్టించి, పగటి వెలుగులో ఒక్క నిమిషం చూడండి.

బిస్కట్ రంగు: కొస లేత గోధుమ రంగులోనో, బూడిద రంగులోనో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. అంచులు మాత్రం అరిగాయంటే వయసైపోయిందని అర్థం. కొత్తవి వేయించుకుంటే చాలు.

పొడి మసి: దీపపు చిమ్నీకి పట్టినట్టు నల్లగా, వేలికి అంటుకునే మసి ఉంటే పెట్రోలు పాలు ఎక్కువవుతోందన్నమాట. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో ముందు చూడాలి. కారుని వీధి చివరి కూరగాయల దుకాణం దాకా తీసి, వెంటనే ఆపేసే ఇళ్లలోనూ ఇలాగే ఉంటుంది. ప్లగ్గు కొస 450, 500 డిగ్రీలకు చేరితేనే మసి దానంతటదే కాలిపోతుంది. రెండు నిమిషాల ప్రయాణాల్లో అంత వేడి ఎక్కదు. వారానికోసారైనా హైవే మీద అరగంట నడపడం మంచిది.

నూనె జిడ్డు: తడిగా, నల్లగా, జిగురుగా ఉంటే ఇంజిన్ ఆయిల్ సిలిండర్‌లోకి దిగుతోంది. పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో అరిగాయని అనుమానించాలి. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవారు ప్లగ్గులు విప్పించి చూడటం ఇందుకే. పైన రంగు ఎంత మెరిసినా ప్లగ్గు అబద్ధం చెప్పదు. అయితే ఒక తిరకాసుంది. నూనె కొసమీద కాకుండా ప్లగ్గు పైభాగంలో, అది కూర్చునే గుంటలో ఉంటే భయపడక్కర్లేదు. ట్యాపెట్ కవర్ కింది ప్యాకింగ్ పోయి కారుతున్నట్టు. అది చిన్న పనే.

పెట్రోలు తడి: వాసన చూస్తే పెట్రోలే అని తెలిసిపోతుంది. ఆ సిలిండర్‌లో స్పార్క్ రావడం లేదు. ప్లగ్గో, కాయిలో, వైరో చూడాలి.

తెల్లగా, పొక్కులతో: సుద్దలా తెల్లబారి, బుడిపెలు కడితే అది ప్రమాద ఘంటికే. కొస 800, 850 డిగ్రీలు దాటి ఉడికిపోయింది. అలా కణకణలాడే కొస, స్పార్క్ రాకముందే మిశ్రమాన్ని అంటించేస్తుంది. పిస్టన్‌కే చిల్లు పడొచ్చు. రేడియేటర్ నీళ్లు, ఇంజక్టర్లు చూపించుకోవాలి. బండికి తగని ప్లగ్గు వేశారేమో కూడా చూడాలి.

పగిలిన పింగాణీ: కింద పడేసిన ప్లగ్గు బిగించినా, ఇంజిన్ 'నాకింగ్' కొడుతున్నా ఇలా అవుతుంది. అన్నీ బాగుండి ఒక్కటే వేరే రంగులో ఉంటే తప్పంతా ఆ ఒక్క సిలిండర్‌లోనే ఉందని గ్రహించాలి.

ఒక్కోసారి తెల్ల పింగాణీ బయటివైపు, ఇనుప కట్టుకు పైన గోధుమరంగు మరక కనిపిస్తుంది. ప్లగ్గు లీకవుతోందని కంగారుపడతారు. చుట్టూ ఉన్న నూనె తుంపరలు ఎక్కువ వోల్టేజీకి పింగాణీకి అంటుకోవడం వల్ల వచ్చే మరక అది. దానివల్ల నష్టమేమీ లేదు.

ఉప్పుకాగితం రోజులు పోయాయి

స్కూటర్ల కాలం గుర్తున్నవారికి ఒక దృశ్యం బాగా తెలుసు. స్టార్టు కాని బండిని పక్కకు వంచడం, డిక్కీలోంచి పానా తీయడం, ప్లగ్గు విప్పి ఉప్పుకాగితంతో రుద్దడం, ఉఫ్ అని ఊది మళ్లీ బిగించడం. రెండు స్ట్రోకుల స్కూటర్లలో పెట్రోలుతో పాటు నూనె కూడా కాలేది కాబట్టి తరచూ మసి పట్టేది. రుద్దితే పని జరిగేది. ఆ అలవాటునే కొందరు కార్లకూ తెచ్చారు.

కారు ప్లగ్గు విషయంలో అది పొదుపు కాదు. మసి పోవచ్చేమోగానీ గుండ్రబడిన అంచు మళ్లీ పదునెక్కదు. ఉప్పుకాగితం గరుకు రేణువులు, ఇనుప బ్రష్షు విడిచిన లోహపు పొడి పింగాణీ సందులో ఇరుక్కుంటే కరెంటు దూకాల్సిన చోట దూకకుండా పక్కదారి పడుతుంది. ప్లాటినం, ఇరిడియం ప్లగ్గుల్ని అసలు రుద్దకూడదు. వాటి కొస అర మిల్లీమీటరు అటూఇటూ ఉంటుంది. ఒక్క రుద్దుకి పాడైపోతుంది.

ఏ ప్లగ్గు కొనాలి?

సాదా నికెల్ ప్లగ్గుల్ని సాధారణంగా 20 వేల నుంచి 40 వేల కిలోమీటర్ల మధ్య మార్చమని కంపెనీలు చెబుతాయి. ప్లాటినం, ఇరిడియం రకాలు అంతకు రెండు మూడు రెట్లు మన్నుతాయి. కొన్నింటికి లక్ష కిలోమీటర్లు కూడా గడువు ఇస్తారు. నికెల్ 1455 డిగ్రీల దగ్గర కరిగితే, ఇరిడియం 2446 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఖరీదు అందుకే. మీ బండికి ఏది, ఎన్ని కిలోమీటర్లకు అన్నది కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అదే వేదవాక్కు. సాదా ప్లగ్గు రాసిన బండికి ఇరిడియం వేస్తే గుర్రంలా పరుగెత్తుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. ఎక్కువకాలం మన్నుతుంది, అంతే. ఇరిడియం రాసిన బండికి మాత్రం ఖర్చని సాదాది వేయకూడదు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ బళ్లలో గ్యాసు అంటుకోవడానికి ఎక్కువ వోల్టులు కావాలి కాబట్టి ప్లగ్గులు ముందే మార్చాల్సి వస్తుంది.

ప్లగ్గు మీది అంకెను చూసి బేరమాడేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. వేడిని త్వరగా బయటికి పంపేది 'చల్ల' ప్లగ్గు, నిదానంగా పంపేది 'వేడి' ప్లగ్గు. ఎన్‌జీకే, డెన్సోల్లో అంకె పెరిగేకొద్దీ చల్లది. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగేకొద్దీ వేడిది! 'ఆ కంపెనీ 6 లేదు, ఈ కంపెనీ 6 ఉంది' అని ఇస్తే పుచ్చుకోకూడదు. సరిపోయే నంబరు పట్టికలో చూసి ఇమ్మనాలి. పాతతరం మెకానిక్ 'మైకో ప్లగ్గు' అంటే తికమకపడొద్దు. 1951లో మొదలైన ఆ సంస్థ పేరే 2008లో బాష్‌గా మారింది.

విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొన్నా బిల్లు తీసుకోండి. అట్టపెట్టె మీద అక్షరాలు చెదిరినట్టున్నా, ధర మరీ తక్కువ చెప్పినా అనుమానించాల్సిందే. అన్ని ప్లగ్గుల్నీ ఒకేసారి, ఒకే రకం మార్చాలి. ఒక్కటే మారిస్తే సిలిండర్ల పని సమంగా ఉండదు.

మార్చడం ఇలా...

కాస్త ఓపిక, సరైన పానా ఉంటే చాలా కార్లలో ఇది ఇంట్లో చేసుకోదగ్గ పనే. ఇంజిన్ పైన గొట్టాలు, కవర్లు అడ్డుగా ఉండే మోడళ్లయితే మెకానిక్‌కే వదిలేయాలి.

మొదటి నియమం: ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. సాయంత్రం నిలిపిన బండిని పొద్దున్నే విప్పడం మేలు. సిలిండర్ హెడ్ అల్యూమినియంది. వేడిమీద విప్పితే ప్లగ్గుతో పాటు దాని మరలు ఊడొస్తాయి. తాళం తీసి పెట్టుకుని, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి.

కాయిల్ లేదా వైరు తీసేటప్పుడు మూతి దగ్గర పట్టుకుని లాగాలి. వైరు పట్టుకుని గుంజకూడదు. వైర్లున్న పాత బండిలో ఒకటి మార్చాకే రెండోది ముట్టుకోండి. అప్పుడు వరస తారుమారు కాదు. ప్లగ్గు విప్పేముందు సైకిలు పంపుతో గుంటలోని దుమ్ముని ఊదేయాలి. లేకపోతే ఆ ఇసుకంతా సిలిండర్‌లోకి జారుతుంది. ఇటీవలి కార్లలో ఎక్కువగా 16 మిల్లీమీటర్ల ప్లగ్ పానా పడుతుంది, పాత వాటికి 21. లోపల రబ్బరు పట్టు ఉన్నదైతే ప్లగ్గు జారి పడదు.

కొత్త ప్లగ్గు సందుని ఫీలర్ గేజ్‌తో సరిచూసుకోండి. ఇరిడియం అయితే కంపెనీ అమర్చిన సందుని కదపొద్దు. కింద పడిన ప్లగ్గు పైకి బాగానే కనిపించినా వాడకండి. మరలకు గ్రీజు, నూనె పూయకూడదు. జారుడెక్కి అవసరానికి మించి బిగిసిపోతాయి.

బిగించడంలోనే ఉంది కిటుకంతా. ముందు పానాకి పిడి తగిలించకుండా వేళ్లతోనే తిప్పాలి. లోతుగా ఉంటే పాత పెట్రోలు పైపు ముక్కని ప్లగ్గు తలకి తొడిగి తిప్పొచ్చు. మర అడ్డంగా పడితే పైపు జారిపోతుందేగానీ హెడ్ పాడవదు. వేళ్లతో బిగిసేదాకా వచ్చాక, వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్గుని అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు తిప్పితే చాలు. వాషర్ లేకుండా ఏటవాలు మెడ ఉన్నదానికి చుట్టులో పదహారో వంతే. వదులైతే వేడి బయటికి పోక ప్లగ్గు ఉడికిపోతుంది. బలమంతా చూపిస్తే మరలే పోతాయి. టార్క్ పానా ఉన్నవారు పుస్తకంలో రాసిన కొలత పాటించాలి.

డీజిల్ కారువారికి ఈ బాదరబందీ లేదు. అందులో గాలిని నొక్కిన వేడికే ఇంధనం అంటుకుంటుంది. వాటిలో ఉండేది చలిలో స్టార్టు చేయడానికి పనికొచ్చే హీటర్ ప్లగ్గు. కరెంటు కార్లలో ఏ ప్లగ్గూ ఉండదు. హైబ్రిడ్ కార్లలో పెట్రోలు ఇంజిన్ ఉంది కాబట్టి ఇవన్నీ వర్తిస్తాయి.

ఈసారి సర్వీసింగుకి ఇచ్చేటప్పుడు 'పాత ప్లగ్గులు పారేయకు బాబూ, పెట్టెలో పెట్టి ఇవ్వు' అని చెప్పండి. నిజంగానే మార్చారో లేదో తెలుస్తుంది. ఇంజిన్ ఎలా ఉందో కూడా తెలుస్తుంది. మార్చిన తేదీ, మీటరు మీద కిలోమీటర్లు సర్వీసు పుస్తకంలో రాసిపెట్టుకుంటే, మళ్లీ ఎప్పుడు మార్చాలో ఎవర్నీ అడగక్కర్లేదు.